గుర్రం మీద పుట్టే నాదం

వీణ నాదానికి మూలం దాని కర్రలోనే ఉన్నదన్న నమ్మకం తెలుగునాట ఎంత లోతుగా నాటుకుపోయిందంటే, వీణ కొనబోయే కుటుంబం అడిగే ప్రశ్నలన్నీ ఆ నమ్మకం చుట్టూనే తిరుగుతాయి. పనస మాను ఎన్నేళ్ళది, చేవ ఎంత, కుండ, దండి, యాళి తల మూడూ ఒకే దుంగలో తొలిచిన ఏకాండ వీణా, లేక ముక్కలు అతికినదా అని అడుగుతారు. గుడి ఆవరణలో పెరిగి ఏళ్ళ తరబడి గంటల మోత విన్న చెట్టయితే నాదం ఇంకా శ్రేష్ఠంగా ఉంటుందని పెద్దలు చెప్పిన మాటను తలచుకుంటారు. కుండ మీద నిలబడి తంత్రులను మోసే చిన్న చెక్కముక్కను, దాని నెత్తిన అతికిన కంచు రేకును మాత్రం ఎవరూ పట్టించుకోరు. వీణకారులు గుర్రం అని పిలిచే ఆ భాగం తంత్రులను పలక మీదికి ఎత్తి నిలిపే ఊత మాత్రమేనని, నాదాన్ని పుట్టించేది కుండ అని, గుర్రం తంత్రి కంపనాన్ని కుండకు చేరవేస్తుందని సాధారణంగా అనుకుంటారు. ఈ అభిప్రాయం తప్పు. కర్రకు విలువ లేదని దీని అర్థం కాదు. వీణను వీణగా, తంబురను తంబురగా, సితారును సితారుగా చెవికి పట్టించే గుణం మొదట గుర్రం మీద తయారవుతుంది, కర్ర చేసేదంతా ఆ తయారైన ధ్వనిని అందుకుని గాలిలోకి పంపడమే.

తంత్రీవాద్యాలలో తంత్రి ఆనే మెట్టు, అంటే వీణలో గుర్రం, ప్రధానంగా రెండు రకాలుగా ఉంటుంది. మొదటి రకంలో తంత్రి సన్నని అంచు మీద ఆని, అక్కడితో దాని కంపించే భాగం తెగిపోతుంది. వయొలిన్, సరోద్, గిటార్, మాండొలిన్ మొదలైనవన్నీ ఈ జాతివే. రెండో రకంలో మెట్టు పైభాగం వెడల్పుగా, అతి స్వల్పమైన వంపుతో ఉండి, తంత్రి దాని మీద కొంత దూరం పడుకున్నట్టుగా సాగి, వంపు వాలే చోట నెమ్మదిగా విడివడుతుంది. వీణ, తంబుర, సితారు, రుద్రవీణ ఈ రెండో జాతికి చెందినవి. భారతీయ తంత్రీనాదమని ప్రపంచం గుర్తుపట్టే ఆ ఝుంకారం, మీటిన తరువాత కూడా లోపలినుంచి వెలుగుతున్నట్టు సాగే ఆ గుణం, సరిగ్గా ఈ రెండో జాతి వాద్యాలకే ఉన్నది, మొదటి జాతికి లేదు. పనస, టేకు, తూన్, గుమ్మడిబుర్ర, సొరబుర్ర అని వాటి దేహాలు ఎంత భిన్నంగా ఉన్నా ఈ గుణం అన్నింటికీ ఉమ్మడిదే. ఉమ్మడి గుణానికి కారణం కూడా ఉమ్మడిగా ఉన్న భాగంలోనే వెదకాలి, ఒక్కొక్క వాద్యానికీ మారిపోయే కర్రలో కాదు.

దీనిని మరింత సూటిగా రుజువు చేసేది తంబుర. ఏ తంత్రి మోగినా ఒక్క స్వరం మాత్రమే మోగదు; మూలస్వరంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు వేగంతో కంపించే సన్నని స్వరాలు కలిసి పలుకుతాయి, వీటినే భౌతికశాస్త్రం అనుస్వరాలంటుంది. ఒక్కొక్క అనుస్వరానికీ తంత్రి మీద కదలని చోట్లు కొన్ని ఉంటాయి, వాటికి అస్పందన స్థానాలని పేరు. తంత్రిని ఏ చోట మీటితే ఆ చోట అస్పందన స్థానం గల అనుస్వరాలు పుట్టవన్నది ఆంగ్ల శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ పేరిట నిలిచిన నియమం. తంబురను మీటేది ఇంచుమించు తంత్రి నడిమిన కాబట్టి, ఈ నియమం ప్రకారం రెండోది, నాలుగోది, ఆరోది మొదలైన సరిసంఖ్య అనుస్వరాలు నిశ్శబ్దంగా ఉండిపోవాలి. మిగిలిన బేసి అనుస్వరాలు కూడా వరుస సంఖ్య పెరిగేకొద్దీ త్వరగా క్షీణించాలి, ఉదాహరణకు అయిదోదాని కంపన విస్తృతి మూలస్వరంతో పోలిస్తే ఇరవై అయిదో వంతే ఉండాలి. అంటే తంబుర బోలుగా, మొద్దుగా, చీకటిగా వినిపించాలి. కానీ సరిగా శ్రుతి చేసిన తంబుర మీద జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం: పై స్థాయి షడ్జం మోగుతుంది, పంచమం మోగుతుంది, మంద్ర షడ్జపు తంత్రిలోంచి అంతర గాంధారం తేటగా పలుకుతుంది. ఆ గాంధారం పలికితేనే శ్రుతి కుదిరినట్టని విద్వాంసులు తరతరాలుగా నమ్ముతూ వచ్చారు. తంత్రిలో పుట్టకూడని స్వరాలు, పుట్టినా వినపడనంత బలహీనంగా ఉండవలసిన స్వరాలు ఎక్కడి నుంచి వచ్చాయి? కుండలోని కర్ర తనకు అందని స్వరాన్ని పెంచి వినిపించలేదు. ప్రతిధ్వని ఎంత గొప్పదైనా, ముందు అసలు ధ్వని ఉంటే కదా అది ప్రతిధ్వనించేది.

ఈ చిక్కుముడిని విప్పినవాడు చంద్రశేఖర వేంకట రామన్. తండ్రి విశాఖపట్నంలోని కళాశాలలో అధ్యాపకుడు కావడం వల్ల అక్కడే బాల్యం గడిపి చదువుకున్న ఆయన, తన పేరుతో నిలిచిన కాంతి ప్రభావాన్ని కనుగొనడానికి ఏడేళ్ళ ముందే, 1921లో, కలకత్తాలోని భారతీయ విజ్ఞానాభివృద్ధి సంఘం పత్రికలో భారతీయ తంత్రీవాద్యాల గురించి ఒక చిన్న పరిశోధన పత్రం ప్రకటించాడు. వీణ తంత్రినీ తంబుర తంత్రినీ ఒక అనుస్వరపు అస్పందన స్థానం దగ్గరే మీటినా ఆ అనుస్వరం బలంగానే వినిపిస్తుందని, యంగ్ నియమం ఈ వాద్యాల దగ్గర చెల్లదని, అందుకు కారణం వాటి మెట్టు ప్రత్యేకమైన ఆకృతేనని అందులో ఆయన చూపించాడు. నూరేళ్ళు దాటిన తరువాత కూడా ఆ పత్రంలోని సారం వీణ తరగతులకు చేరకపోవడం, పనస మహిమ మాత్రం ప్రతి పరిచయ వ్యాసంలోనూ కనిపించడం విచారించవలసిన విషయం. ఆయన ఆలోచన సరైనదేనని తరువాతి శాస్త్రజ్ఞులు గణితం ద్వారా కూడా చూపించారు. 1982లో బరిజ్, కాప్రాఫ్, మోర్షెడి అనే ముగ్గురు సితారు తంత్రిని ఒకవైపు అడ్డు తగిలే కంపనంగా తీసుకుని విశ్లేషించిన పత్రం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

మెట్టు మీద జరిగేది కంటికి కనిపించనంత సూక్ష్మమైనదైనా ఊహకు అందనిది కాదు. మీటిన తంత్రి కిందికి వంగినప్పుడు వంపు రేకు మీద మరికొంచెం మేర చుట్టుకుంటుంది, కాబట్టి కంపించే పొడవు రవంత తగ్గుతుంది. పైకి లేచినప్పుడు రేకును వదిలి లేస్తుంది, కాబట్టి పొడవు రవంత పెరుగుతుంది. తంత్రి రేకును తాకుతూ వదులుతూ ఉండే ఈ కదలికలో ప్రతిసారీ తంత్రి మీది అలకు చిన్న కుదుపు తగులుతుంది, ఆ కుదుపులు మూలస్వరంలోని శక్తిని కొంత కొంతగా పై అనుస్వరాలకు బదిలీ చేస్తాయి. అంచు మెట్టు గల వాద్యంలో అనుస్వరాలన్నీ మీటిన క్షణంలోనే పుట్టి, పైవి ముందు, కిందివి తరువాత చల్లారిపోతాయి, అందుకే మొదట మెరిసిన ధ్వని వెంటనే మసకబారుతుంది. వంపు మెట్టు గల వాద్యంలో మాత్రం పై అనుస్వరాలు మీటిన తరువాత కూడా పుడుతూనే ఉంటాయి. తంత్రి ఊపు తగ్గేకొద్దీ రేకుతో దాని స్పర్శ మారుతుంది కాబట్టి, ఒక్క మీటులోనే స్వరవర్ణం క్షణక్షణానికీ మారుతూ పోతుంది. తంబుర ముందు కూర్చున్న గాయకుడికి ఒకే తంత్రిలోంచి ఒకదాని వెంట ఒకటిగా స్వరాలు దిగివస్తున్నట్టు వినిపించడం భ్రమ కాదు, రేకు మీద నిజంగా జరుగుతున్న పని.

తంబుర విషయంలో ఈ పనిని సరిచేసే సాధనం ఒక నూలుపోగు. మెట్టుకూ తంత్రికీ మధ్య దూర్చిన ఆ పోగును శ్రుతి చేసేవారు వేలితో వెనక్కీ ముందుకీ జరుపుతారు. వెనక ఉన్నంతసేపు తంత్రి పొడిపొడిగా మోగుతుంది. వెంట్రుకవాసి ముందుకు జరపగానే ధ్వని ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఇంకొంచెం జరిపితే మళ్ళీ మూసుకుపోతుంది. పోగు తంత్రిని మెట్టు ఉపరితలం నుంచి ఎంత ఎత్తులో, ఏ చోట నిలుపుతున్నదన్న దాన్ని బట్టి తంత్రి మెట్టును రాసుకునే తీరు మారుతుంది, ఆ తీరే తంబుర గొంతు. ఆ రెండు మూడు క్షణాలలో కుండ మారలేదు, కర్ర మారలేదు, తంత్రి మారలేదు, మీటే వేలు కూడా మారలేదు. మూగగా ఉన్న వాద్యం పలకసాగింది. కర్రే సర్వస్వమని వాదించేవారు ఈ ఒక్క అనుభవానికి సమాధానం చెప్పగలగాలి.

ఈ పోగుకు జీవ అని పేరు. ఉత్తరాదిన సితారు, తంబురల మెట్టు తీర్చే పనిని జవారీ అంటారు. జీవ అన్న మాట ఇటీవలిది కాదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీత రత్నాకరం వాద్యాధ్యాయంలో ఏకతంత్రీ వీణ నిర్మాణాన్ని వర్ణిస్తూ, మెట్టుకు ఆధారమైన కకుభం మీద పత్రిక అనే లోహపు రేకును అమర్చాలని, అది తాబేలు వీపులా ఉబ్బెత్తుగా ఉండాలని, తంత్రికీ పత్రికకూ నడుమ వెదురుతో చేసిన జీవను నాదసిద్ధికై ఉంచాలని చెప్పాడు. లోహపు రేకు, వంపు, జీవ మూడూ నేటికి ఏడువందల ఏళ్ళకు పూర్వమే ఒక శాస్త్రగ్రంథంలో కనిపిస్తున్నాయి. సంప్రదాయం పేరిట కర్రకు పట్టం కట్టేవారు ఈ భాగాన్ని మళ్ళీ చదవవలసి ఉన్నది. శాస్త్రం దండానికి తగిన కర్రను చెప్పడం మానలేదు. కానీ ప్రాణాన్ని సూచించే పేరు మాత్రం కర్రకు ఇవ్వక, తంత్రి కింద దూర్చే ఆ చిన్న తునకకు ఇచ్చింది.

వీణకు పోగు ఉండదు, ఎందుకంటే వీణ తంత్రి ఒకే పొడవులో మోగేది కాదు. దండి మీద వేళ్ళతో నొక్కే స్వరమెట్లు 24 కాబట్టి, తెరిచి మీటిన తంత్రి మొదలు చివరి స్వరమెట్టు దగ్గర దాని నాలుగో వంతు వరకు అన్ని పొడవులలోనూ మోగాలి. పైగా గమకం కోసం తంత్రిని స్వరమెట్టు మీద పక్కకు లాగినప్పుడు బిగువు మారుతూ ఉండాలి. ఒకే చోట నిలిపిన పోగు ఒక పొడవుకు సరిపోతే మరొక పొడవుకు సరిపోదు. అందువల్ల వీణ గుర్రంలో ఆ పనంతా రేకు వంపే చేయాలి. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే నాలుగు వాద్య తంత్రులు ఒకే రేకు మీద వేర్వేరు లావులతో, వేర్వేరు బిగువులతో ఆని ఉంటాయి, అన్నింటికీ ఒకే వంపు పనికివచ్చేలా తీర్చాలి. తాళానికి, శ్రుతికి ఉన్న మూడు పక్క తంత్రులను విల్లులా వంగిన వేరే లోహపు ముక్క మోస్తుంది. తంబుర మెట్టు కన్నా వీణ గుర్రం తీర్చడం కష్టమైన పని కావడానికి కారణం ఇదే.

ఆ పని చేసే చేతిని దగ్గరనుంచి గమనిస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. రేకును చెక్క గుర్రం నెత్తిన లక్కతో అతికిస్తారు, వేడి తగిలితే లక్క మెత్తబడుతుంది కాబట్టి చల్లారేలోపు రేకు వాలును వేళ్ళతో సరిచేయవచ్చు. తంత్రులు బిగించి ఒక్కొక్క దానినీ మంద్రం నుంచి తారం దాకా ఒక్కో స్వరమెట్టు దగ్గరా మీటి వింటారు. ఒకచోట ధ్వని జరజరమని చీలితే తంత్రి వదలవలసిన చోట రేకు ఎత్తుగా ఉన్నదని, మూగగా ఉంటే మరీ గుండ్రంగా అరిగిపోయి తంత్రి చప్పున విడివడుతున్నదని అర్థం. తంత్రిని వదులు చేసి, దానిని పక్కకు జరిపి, ఆకురాయిని మెత్తగా రెండు మూడు సార్లు ఆడించి, నునుపు చేసి, మళ్ళీ బిగించి వింటారు. కన్ను చూడలేని తేడాను చెవి చెబుతుంది, చేయి సరిదిద్దుతుంది. మళ్ళీ వినడం, మళ్ళీ రాయడం, గంటల పాటు ఇలా సాగుతుంది. ఈ క్రమంలో ఒక్కసారి ఎక్కువ రాస్తే పోయిన లోహం తిరిగి రాదు. ఇంత చేసినా ఆ వంపు శాశ్వతం కాదు: ఉక్కు తంత్రి రోజూ రాసుకుని కంచు మీద సన్నని గాడి తొలుస్తుంది, తంత్రి ఆ గాడిలో కూరుకుపోయాక వంపు ఉండీ లేనట్టే అవుతుంది. ఏళ్ళ క్రితం మంచి నాదం ఉన్న వీణ ఇప్పుడు పలకడం లేదని, కర్ర చెడిపోయిందని వాపోయే చాలా ఇళ్ళలో చెడిపోయింది కర్ర కాదు, గాడి పడిన ఆ రేకు.

కర్ర పక్షం వారికి ఇక్కడ న్యాయం చేయాలి. తంత్రి తనంతట తాను గాలిని కదిలించలేదు. దాని కంపనాన్ని పలక అందుకుని విస్తరించకపోతే వీణ పక్క గదికి కూడా వినపడదు. ఎండిన పనస తేలికగా ఉండి తొందరగా స్పందిస్తుంది, పచ్చికర్ర చీలుతుంది, వంగుతుంది. కుండ పలక మందం తప్పితే ధ్వని కుంచించుకుపోతుంది. బిగ్గరతనం, కిందిస్థాయి స్వరాల నిండుతనం కర్ర మీద ఆధారపడి ఉన్నాయనడంలో సందేహం లేదు. అయితే ఇవి ధ్వని పరిమాణానికి సంబంధించిన గుణాలు. స్వరూపానికి సంబంధించిన గుణం వేరే చోట ఉన్నదనడానికి ప్రయాణాలలో వాడే పెట్టె తంబురే సాక్షి: దానికి కుండ లేదు, బుర్ర లేదు, పలచని చెక్కపెట్టె మాత్రమే ఉంటుంది, అయినా వంపు మెట్టు, పోగు ఉన్నందువల్ల అది తంబురగానే మోగుతుంది, చిన్న గొంతుతో మోగుతుంది అంతే. అదే విధంగా వీణ దండి కింద యాళి వైపు తగిలించే బుర్ర ఒకనాడు సొరకాయదైనా ఇప్పుడు చాలాచోట్ల కాగితపు గుజ్జుతోనో ఫైబరుతోనో చేస్తున్నారు, ఎందుకంటే దాని ముఖ్యమైన ఉపయోగం వీణను ఒడిలో నిలబెట్టడమే. నాదం అందువల్ల పోలేదు.

కర్రకు ఇంత పెద్ద పీట వేయడంలో ఐరోపా వయొలిన్ గురించిన అభిప్రాయాల ప్రభావం కూడా కనిపిస్తుంది. క్రెమోనా నగరపు స్ట్రాడివారి వయొలిన్ల కర్ర గురించి, వార్నిష్ గురించి పాశ్చాత్యులు రాసినది చదివిన తరువాత, మన వీణకూ అదే సూత్రం అన్వయిస్తుందని అనుకోవడం సహజంగానే జరిగింది. కానీ ఆ పోలిక నిలవదు. వయొలిన్‌లో కమాను తంత్రికి నిరంతరం శక్తిని అందిస్తూ ఉంటుంది, తంత్రి పుట్టించే అనుస్వరాలన్నీ ఆగకుండా వస్తూ ఉంటాయి, వాటిలో ఏవి పెరగాలో ఏవి తగ్గాలో ఎంపిక చేసే పని అక్కడ దేహానికి ఎక్కువగా పడుతుంది. వీణలో మీటు ఒక్క క్షణం. ఆ క్షణంలో ఇచ్చిన శక్తితోనే తరువాతి ధ్వని అంతా సాగాలి, దానిని పై అనుస్వరాలలోకి ఎప్పటికప్పుడు పంచిపెట్టే పని గుర్రం చేస్తుంది. పైగా వయొలిన్‌లో కూడా మెట్టు నిశ్చలమైన ఊత కాదు: పలచని మేపుల్ చెక్కను మలచి, కాళ్ళు, నడుము తీర్చిన ఆ మెట్టు పక్కలకు ఊగుతుంది, దాని నెత్తిన మ్యూట్ అనే చిన్న బరువు తగిలించగానే గొంతు మసకబారిపోతుంది. బాలుస్వామి దీక్షితర్ కాలం నుంచి ద్వారం వెంకటస్వామి నాయుడు దాకా కర్ణాటక విద్వాంసులు వయొలిన్ శ్రుతిని, పట్టుకునే తీరును మార్చుకున్నారు కానీ మెట్టును మార్చలేదు; వయొలిన్ మన గమకాన్ని పలికినా వీణలా మోగకపోవడానికి కారణాలలో ఇదీ ఒకటి.

నాదం చేతిలో ఉంది, వాద్యంలో కాదు అనేది ఇంకొక ప్రసిద్ధమైన మాట. చేయి గొప్పదే, గమకం చేతిదే. కానీ గొప్ప చేతులన్నీ మెట్టును గొప్పగానే పట్టించుకున్నాయని సితారు చరిత్ర చెబుతుంది. రవిశంకర్ సితారులో ఖరజ్ అనే అతి మంద్ర తంత్రి ఉండేది, మెట్టు తెరిచిన జవారీతో, అంటే తంత్రి ఎక్కువ మేర రాసుకునేలా తీర్చి ఉండేది, కాబట్టి ఆ ధ్వని ఝుమ్మని విప్పారేది. విలాయత్ ఖాన్ గాత్రాన్ని అనుసరించే బాణీ కోసం మంద్ర తంత్రులను తీసేసి, మెట్టును మూసిన జవారీ వైపు, అంటే తంత్రి కొద్ది మేరే తాకేలా తీర్పించుకున్నాడు. ఆ ధ్వని గుండ్రంగా, గొంతులా ఉండేది. ఇద్దరి బాణీలూ విన్నవారికి మొదటి మీటుకే తెలిసే తేడాలో మెట్టు వాటా చాలా పెద్దది. రవిశంకర్ పర్యటనలలో ఆయన సితారు చేసిన నోదు మల్లిక్ తంబుర పట్టుకుని వెంట ఉండేవాడు. మెట్టు తీర్చగల చేయి వేదిక దగ్గర ఉండడం ఆ విద్వాంసుడికి ఎంత అవసరమో దానితో తెలుస్తుంది.

పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ సన్నని మెట్టు గల అయిదు తంత్రుల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని శిఖరానికి చేర్చాడు కదా, వంపు మెట్టు లేకపోతే నష్టమేమిటన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది. ఆయన కచేరీ ఈ వ్యాసపు వాదానికి వ్యతిరేకం కాదు. రాగానికి, గమకానికి వంపు మెట్టు తప్పనిసరి అని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ఒక వాద్యపు స్వంత గొంతుకు కారణం ఏమిటన్నదే ప్రశ్న. శ్రీనివాస్ మహావిద్వత్తుతో వాయించినది మాండొలిన్ గొంతుతోనే, వీణ గొంతుతో కాదు, ఆ గొంతుల తేడాలో మొదటి కారణం మెట్టే.

కర్రకు ఇచ్చిన అతి గౌరవం వల్ల కలిగిన నష్టం చిన్నది కాదు. బొబ్బిలి పక్క గొల్లపల్లిలోను, నూజివీడులోను వీణలు చేసే కుటుంబాలకు కొనుగోలుదారు డబ్బు ఇచ్చేది దుంగకు, నగిషీకి, యాళి ముఖానికి. గుర్రం తీర్చే గంటలకు వేరే వెల కట్టేవారు లేనప్పుడు ఆ గంటలు తగ్గుతాయి, ఆ పని నేర్చుకునే పిల్లలు తగ్గుతారు. సంగీత కళాశాలల్లో వీణ భాగాల పేర్లు పరీక్షకు నేర్పుతారు కానీ రేకు మీద గాడిని గుర్తుపట్టడం నేర్పరు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె, ఫోనులోని యాప్ తంబురను ఇంటినుంచి పంపేశాక, జీవను జరిపి ధ్వని విచ్చుకోవడం వినే అవకాశం కూడా ఒక తరానికి లేకుండా పోయింది. అందుకే పాత వీణ పలకకపోతే రేకును తీర్పించడానికి బదులు కొత్త వీణ కొంటారు, కొత్తదాని దుంగ గురించే మళ్ళీ అడుగుతారు. అంటుకునే మైకు గుర్రానికీ పలకకూ దగ్గరగా తగిలించిన వేదికల మీద ఈ నిర్లక్ష్యం మరింత గట్టిగా వినిపిస్తుంది, ఎందుకంటే మైకు అరిగిన రేకు కరకరను కూడా ఉన్నదున్నట్టు సభ చివరి వరుసకు మోసుకుపోతుంది.

వీణ కొనేవారు మాను వయసు అడగడానికి ముందు చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వీణను కిటికీ వెలుతురుకు ఎదురుగా పెట్టి రేకును పక్కనుంచి చూడాలి: తంత్రి రేకు మీద ఆనిన చోట వెలుగు గీత తెగకుండా సాగాలి, తంత్రి విడివడే చోట సందు క్రమంగా విచ్చుకోవాలి, గాడి కనిపించకూడదు. ఆ తరువాత సారణిని తెరిచి మీటి, తంత్రి సగం పొడవు దగ్గరి పై షడ్జంలోను, చివరి స్వరమెట్టు దగ్గరా అదే మీటు మీటి, మూడు చోట్లా ధ్వని ఒకే జాతిగా ఉన్నదో లేదో వినాలి. ఒక చోట చీలితే, మరొక చోట మూగబోతే, ఆకురాయి పట్టగల చేయి ఆ ఊళ్ళో ఎవరిదో ముందు కనుక్కోవాలి. దుంగ సంగతి ఆ తరువాత అడగవచ్చు.